కార్డు మనది, తాళంచెవి కంపెనీది: లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ల చిక్కు

మా హోసూరు సంఘం గదిలో ఆదివారం తెలుగు తరగతికి మూడు కంప్యూటర్లు ఉన్నాయి. మూడూ సభ్యులు తమ ఇళ్లలో పాతబడ్డాయని ఇచ్చినవే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకునే శక్తి ఆ యంత్రాలకు లేదు. కొత్తవి కొనే శక్తి సంఘానికి లేదు. అందుకని మూడింటిలోనూ లినక్స్ వేయించాం. పిల్లలు తెలుగులో టైపు చేయడం, పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చదువుకోవడం చక్కగా సాగిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఒక యంత్రం అప్‌డేట్ అడిగింది. ముందూవెనకా చూడకుండా 'సరే' నొక్కాను. మళ్లీ తెరిస్తే తెర నల్లగా ఉండిపోయింది. మా సంఘం పాత సభ్యత్వ రిజిస్టర్లన్నీ నేను రెండేళ్లు కూర్చుని ఎక్కించినది ఆ యంత్రంలోనే. ఇంకో ప్రతి తీసి పెట్టలేదు. ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, ప్రతి కాగితానికీ నకలు ఉండాలని అందరికీ చెప్పిన నేనే ఆ పని చేయలేదు.

బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా సభ్యుడి కొడుకు వచ్చి చూశాడు. "కార్డు చెడిపోలేదు మామా. దాన్ని నడిపే డ్రైవర్ కొత్త కెర్నెల్‌తో కలవడం లేదు. ఈ కార్డుకి కంపెనీ డ్రైవర్ ఇవ్వడం ఆపేసింది" అన్నాడు.

"అయితే మనమే ఎవరిచేతనైనా రాయించుకోలేమా?" అని అడిగాను.

"కార్డు వివరాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి మామా. బయటికి ఇవ్వరు."

మనం డబ్బు పెట్టి కొన్న వస్తువు వివరాలు మనకు ఎందుకు ఇవ్వరు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివినదీ, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ వరుసగా పెడుతున్నాను. ఆ కార్డు ఏ కంపెనీదన్నది ఈ కథకు అవసరం లేదు. చూసుకోకుండా అప్‌డేట్ చేసిన తప్పు నాదే.

డ్రైవర్ అంటే ఏమిటి

తెరపై బొమ్మను తయారుచేసేది గ్రాఫిక్స్ చిప్. కొన్ని కంప్యూటర్లలో అది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, కొన్నిటిలో విడి కార్డుగా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ చిప్ భాష తెలియదు. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డ్రైవర్.

లినక్స్‌లో ఈ దుబాసీ పని మూడు చోట్ల జరుగుతుంది. మొదటిది కెర్నెల్‌లో ఉండే భాగం. కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ. జ్ఞాపకశక్తి కేటాయింపు, తెరను వెలిగించడం వంటివి ఇక్కడ జరుగుతాయి. రెండోది ప్రోగ్రాముల వైపు భాగం. వీడియో ప్లేయరో, ఆటో గీయమన్నదాన్ని చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా ఇది మారుస్తుంది. లినక్స్‌లో ఈ పని చేసే ఉచిత గ్రంథాలయం పేరు మెసా, 1993 నుంచీ ఉంది. మూడోది ఫర్మ్‌వేర్. అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాము. కంప్యూటర్ మొదలైనప్పుడు డ్రైవర్ దాన్ని చిప్‌లోకి ఎక్కిస్తుంది.

ఈ మూడు భాగాల సోర్స్ కోడ్ బయట ఉంటే ఎవరైనా సరిచేసుకోవచ్చు. కంపెనీ వదిలేసినా పని ఆగదు. మూసి ఉంటే మాత్రం కంపెనీ ఇచ్చినంత కాలమే కార్డు పూర్తిగా పనిచేస్తుంది.

ఇక్కడే ఒక అపోహ తొలగించుకోవాలి. తెలుగు అక్షరాలు విడిపోయి కనిపించినా, వత్తులు పక్కకు పోయినా చాలామంది గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. అక్షరాలను కూర్చే పని కార్డుది కాదు. హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్, మనం పెట్టుకున్న ఫాంటు ఆ పని చూస్తాయి. నల్లతెర, తెర పరిమాణం తప్పుగా రావడం, వీడియో తడబడడం వంటివి కనిపించినప్పుడు డ్రైవర్‌ను అనుమానించాలి.

కంపెనీలు ఎందుకు మూసి ఉంచుతాయి

అందరూ 'మేధోసంపత్తి' అనే ఒక్క మాట అంటారు గానీ, అందులో వేరువేరు అడ్డంకులు ఉన్నాయి.

ఒకటి, కాపీరైట్. డ్రైవర్ రాసిన కోడ్ కంపెనీ సొత్తు. దాన్ని నకలు చేయడానికీ, మార్చడానికీ అనుమతి కావాలి.

రెండు, పేటెంట్. ఇది రాసిన కోడ్‌ను కాకుండా పద్ధతిని కాపాడుతుంది. మీరు సొంతంగా రాసుకున్నా, అదే పద్ధతి వాడితే పేటెంట్ యజమాని అడగవచ్చు. గడువు 20 ఏళ్లు.

మూడు, ఇతరుల సొత్తు. ఒక కంపెనీ చిప్‌లో ఇంకో కంపెనీ తయారుచేసిన భాగం ఉండవచ్చు. అమ్మిన కంపెనీకి తెరవాలని ఉన్నా, ఒప్పందం ఒప్పుకోదు.

నాలుగు, వ్యాపార రహస్యం. చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే పత్రాలను గోప్యత ఒప్పందం మీద సంతకం చేసినవారికే చూపిస్తారు.

ఐదు, డిజిటల్ సంతకం. కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను తప్ప చిప్ వేరే దాన్ని స్వీకరించదు. మా గుమాస్తాల లెక్కలో చెప్పాలంటే, అర్జీలో అన్నీ సరిగ్గా ఉన్నా అధికారి సీలు లేకపోతే కౌంటర్ దాటి పోదు.

మొదటి నాలుగూ చట్టానికి సంబంధించినవి. ఐదోది చిప్‌లోనే కట్టిన గోడ. ఈ తేడా గుర్తుంచుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

మూడు కంపెనీలు, మూడు దారులు

ఇంటెల్ తన గ్రాఫిక్స్‌కు చాలాకాలంగా సోర్స్ కోడ్ తెరిచిన డ్రైవర్లనే ఇస్తోంది. పాత ఇంటెల్ యంత్రాల్లో లినక్స్ వేస్తే తెర దానంతట అదే వస్తుందనే పేరు అందుకే వచ్చింది. ఒక పెద్ద మినహాయింపు ఉంది. 2008 ప్రాంతంలో చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన జీఎంఏ 500 చిప్‌లోని గ్రాఫిక్స్ భాగం ఇంటెల్‌ది కాదు, బ్రిటన్‌కు చెందిన ఇమాజినేషన్ టెక్నాలజీస్ వారిది. పెట్టె మీద ఇంటెల్ పేరు చూసి కొన్నవారికి లినక్స్‌లో తిప్పలు తప్పలేదు. పైన చెప్పిన మూడో అడ్డంకికి ఇది సరైన ఉదాహరణ. తర్వాత 2022లో ఇమాజినేషన్ తన కొత్త తరం చిప్‌లకు తెరిచిన డ్రైవర్ పని మొదలుపెట్టింది.

ఏఎండీ 2006లో ఏటీఐ అనే గ్రాఫిక్స్ కంపెనీని కొన్నది. 2007 సెప్టెంబరులో తన చిప్‌ల వివరాల పత్రాలను బయటపెడతామని ప్రకటించింది. అప్పటిదాకా లినక్స్ వాడేవారు కంపెనీ మూసి ఇచ్చిన డ్రైవర్‌తో సర్దుకునేవారు. 2015లో కెర్నెల్ 4.2తో పాటు ఏఎండీజీపీయూ అనే తెరిచిన డ్రైవర్ వచ్చింది. ఇప్పుడు ఇళ్లలో వాడే ఏఎండీ చిప్‌లకు కెర్నెల్‌లో ఉన్న డ్రైవరూ, మెసా కలిసి సరిపోతాయి. ఫర్మ్‌వేర్ మాత్రం ఇప్పటికీ మూసిన పెట్టెగానే వస్తుంది.

ఎన్విడియా దారి వేరు. లినక్స్‌కు డ్రైవర్ ఇచ్చింది, అది వేగంగానే పనిచేసింది, కానీ సోర్స్ కోడ్ ఇవ్వలేదు. దాంతో కొందరు స్వచ్ఛందంగా నూవో అనే డ్రైవర్‌ను రాశారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు 'కొత్త' అని అర్థం. కంపెనీ డ్రైవర్ కార్డుకు పంపే ఆదేశాలను గమనించి, ఏది ఏం చేస్తుందో వెనక్కి లెక్కకట్టి రాశారు. దీన్నే రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. 2010లో అది కెర్నెల్ 2.6.33లో చేరింది. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను అందరి ముందూ కటువుగా తిట్టిన సంగతి చాలామందికి తెలుసు.

ఆ తర్వాత గోడ ఇంకా ఎత్తు పెరిగింది. 2014లో మొదలైన జీటీఎక్స్ 900 వరుస నుంచి ఎన్విడియా కార్డులు సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌నే స్వీకరిస్తున్నాయి. చిప్ వేగాన్ని పెంచే పని కూడా ఆ ఫర్మ్‌వేర్ చేతుల్లోనే ఉంది. అది చేతికి అందక, నూవో ఈ కార్డులను మొదలయ్యేటప్పుడు ఉండే నిదానపు వేగంలోనే నడపాల్సి వచ్చింది.

2022 మే నెలలో మార్పు వచ్చింది. కెర్నెల్‌లో ఉండే భాగం సోర్స్ కోడ్‌ను ఎన్విడియా విడుదల చేసింది. అయితే ఇది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరానికీ, ఆ తర్వాతివాటికీ మాత్రమే వర్తిస్తుంది. ఆ కార్డులలో ఒక ప్రత్యేక ప్రాసెసర్ ఉంది. అంతకుముందు డ్రైవర్ చేసే పనులు చాలావరకు దాని ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లిపోయాయి. ఫర్మ్‌వేర్, ప్రోగ్రాముల వైపు భాగం మూసే ఉన్నాయి. అయినా దీనివల్ల మేలు జరిగింది. 2024 జనవరిలో వచ్చిన కెర్నెల్ 6.7 నుంచి నూవో కూడా ఆ ఫర్మ్‌వేర్‌ను వాడుకోగలుగుతోంది. మెసాలో ఎన్‌వీకే అనే తెరిచిన డ్రైవర్ తయారైంది.

లినక్స్ వైపు ఉన్న నియమం

కంపెనీలదే తప్పని చెప్పి ఊరుకుంటే సగం మాటే అవుతుంది. లినక్స్‌కూ తన లైసెన్సు ఉంది. దాని పేరు జీపీఎల్, రెండో కూర్పు. ఈ కెర్నెల్‌ను మార్చి ఇతరులకు పంచేవారు తమ మార్పుల సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలన్నది దాని షరతు. మూసిన డ్రైవర్‌ను కెర్నెల్‌కు జతచేస్తే ఆ షరతు మీరినట్టా కాదా అన్న వాదం ఏళ్లుగా సాగుతోంది.

అందుకే కెర్నెల్‌లోని కొన్ని సౌకర్యాలను జీపీఎల్ డ్రైవర్లకు మాత్రమే అందేలా గుర్తుపెట్టారు. మధ్యలో చిన్న జీపీఎల్ ముక్క పెట్టి, దాని ద్వారా మూసిన డ్రైవర్ ఆ సౌకర్యాలను వాడుకునే దొడ్డిదారిని 2020లో వచ్చిన కెర్నెల్ 5.9లో బిగించారు. మూసిన డ్రైవర్‌ను ఎక్కిస్తే కెర్నెల్ తనపై 'కలుషితం' అని గుర్తు వేసుకుంటుంది. అలాంటి యంత్రంలో వచ్చిన తప్పును కెర్నెల్ రచయితలు మామూలుగా పరిశీలించరు. వాళ్లకు కనపడని కోడ్‌లో తప్పు ఉంటే ఎలా వెతుకుతారు?

పైగా కెర్నెల్ లోపలి అమరిక తరచూ మారుతూ ఉంటుంది. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్లను ఆ మార్పు చేసినవారే సరిదిద్దుతారు. బయట ఉన్న మూసిన డ్రైవర్‌ను కంపెనీయే సరిదిద్దాలి. కంపెనీ మానేసిన కొన్నాళ్లకు, ఒక అప్‌డేట్ రోజున, తెర నల్లబడుతుంది. మా గదిలో జరిగింది ఇదే.

పేటెంట్ల దెబ్బ

ఆటల్లో బొమ్మల పూతలను కుదించే ఎస్3టీసీ అనే పద్ధతికి పేటెంటు ఉండేది. అందువల్ల మెసా దాన్ని తనలో కలుపుకోలేకపోయింది, వాడేవారు విడిగా తెచ్చుకునేవారు. 2017 అక్టోబరులో గడువు తీరాకే ఆ పద్ధతి మెసాలో మామూలుగా చేరింది.

వీడియోల సంగతీ అంతే. హెచ్264, హెచ్265 పద్ధతులపై పేటెంట్లున్నాయి. 2022లో ఫెడోరా లినక్స్ తన మెసాలో వీటిని కార్డు సాయంతో విప్పే సౌకర్యాన్ని తీసేసింది. కార్డుకు ఆ శక్తి ఉన్నా, చట్టపరమైన భయంతో మూసేశారు.

టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ విషయంలో ఇంకో మెలిక. 2.1 కూర్పు వివరాలను హెచ్‌డీఎంఐ ఫోరం గోప్యంగా ఉంచింది. దాన్ని తెరిచిన డ్రైవర్‌లో పెట్టాలని ఏఎండీ ప్రయత్నించగా, 2024లో ఫోరం తిరస్కరించింది. ఇక్కడ తెరవడానికి కార్డు కంపెనీ సిద్ధంగానే ఉంది, అడ్డుపడింది తీగ ప్రమాణం. మామూలు 4కే టీవీలో సెకనుకు 60 చిత్రాల దాకా ఇబ్బంది లేదు. 120 కావాలంటే చిక్కు. అలాంటివారు డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ చూసుకోవడం మేలు.

మన చట్టం ఏమంటుంది

కాపీరైట్ చట్టం, 1957లో 52వ సెక్షన్ చూడండి. అందులోని ఉపనిబంధన ప్రకారం, ఒక ప్రోగ్రామును చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు, తాము స్వతంత్రంగా రాసిన ప్రోగ్రామును దానితో కలిపి పనిచేయించడానికి అవసరమైన సమాచారాన్ని రాబట్టుకోవచ్చు. ఆ సమాచారం వేరే విధంగా సులువుగా దొరకనప్పుడే ఇది వర్తిస్తుంది. ప్రోగ్రాము పనితీరును గమనించి, పరీక్షించి తెలుసుకోవడానికీ అదే సెక్షన్‌లో చోటుంది. పేటెంట్ల చట్టం, 1970లో 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము తనంత తానుగా పేటెంటు పొందదగిన ఆవిష్కరణ కాదు. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ రక్షణ తాళాలను దాటడాన్ని నేరంగా చెప్పింది, అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి.

చట్టం తెలుసుకోవడానికి అనుమతించినంత మాత్రాన పని జరగదు. ఫర్మ్‌వేర్‌కు కంపెనీ సంతకం కావాలన్నప్పుడు, అన్నీ తెలుసుకున్నా సంతకం మనం చేయలేం. జీటీఎక్స్ 900 కార్డుల ముందు నూవో రచయితలు ఆగిపోయింది అక్కడే.

మన దగ్గరున్న పాత కార్డు ఏ గడిలో ఉంది

పాత యంత్రాలను తీసుకునే సంఘాలకు అన్నిటికన్నా అవసరమైన భాగం ఇదే. ఎన్విడియా మూసిన డ్రైవర్ల గడువులు ఇలా ఉన్నాయి.

జీఫోర్స్ 8, 9, 200, 300 వరుసలు: 340 డ్రైవర్, 2019 చివరితో ముగిసింది.

400, 500 వరుసలు: 390 డ్రైవర్, 2022 చివరితో ముగిసింది.

600, 700 వరుసల్లో ఎక్కువ భాగం: 470 డ్రైవర్, 2024లో ముగిసింది.

900, 1000 వరుసలు: 580 డ్రైవరే చివరిదని 2025లో ప్రకటించారు.

జీటీఎక్స్ 1600, ఆర్‌టీఎక్స్ 2000, ఆ తర్వాతివి: కెర్నెల్ భాగం తెరిచి ఉంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. బాగా పాత కార్డులకు సంతకం అడ్డు లేదు కాబట్టి టైపింగు, చదువు, మామూలు వీడియోలకు నూవో సరిపోతుంది. కొత్తవాటికి తెరిచిన దారి ఉంది. మధ్యలో ఉన్న 900, 1000 వరుసలకే రెండూ సరిగా లేవు. సంతకం అడ్డు ఉంది, కంపెనీ డ్రైవరూ సెలవు తీసుకుంటోంది. పదేళ్ల నాటి ఆ కార్డులే ఇప్పుడు పిల్లలు కొత్తవి కొనుక్కుని మన సంఘాలకు దానంగా ఇస్తున్నారు.

ఇంట్లో, సంఘంలో ఏం చేయాలి

1. అన్నిటికన్నా ముందు ఫైళ్ల నకలు పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. డ్రైవర్ సంగతి తర్వాత.

2. యంత్రం తీసుకునే ముందు సెట్టింగులలో సిస్టమ్ వివరాల పేజీ తెరిచి, గ్రాఫిక్స్ అన్న వరుసలో ఏ పేరుందో రాసుకోండి. చదువు, టైపింగు పనికి ఇంటెల్ లేదా ఏఎండీ సొంత గ్రాఫిక్స్ ఉన్న యంత్రం దొరికితే అదే నయం.

3. వేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడండి. తెర, వీడియో, శబ్దం సరిగా వస్తేనే లోపల వేయండి. డెబియన్ వేసేవారు 12వ కూర్పు, అంటే 2023 జూన్‌లో వచ్చినదో, అంతకన్నా కొత్తదో తీసుకోండి. మూసిన ఫర్మ్‌వేర్‌ను కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని డెబియన్ సభ్యులు 2022లో ఓటు వేసి నిర్ణయించారు. ఆ కూర్పు నుంచి ఫర్మ్‌వేర్ కోసం విడిగా తిరగాల్సిన పని తగ్గింది.

4. మూసిన డ్రైవర్ అవసరమైతే లినక్స్ వారి సాఫ్ట్‌వేర్ జాబితా నుంచే వేసుకోండి. కంపెనీ సైటు నుంచి తెచ్చి చేత్తో వేసినది తర్వాతి అప్‌డేట్‌కు తెగిపోయే అవకాశం ఎక్కువ.

5. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో డ్రైవర్ వేశాక, మళ్లీ తెరిచినప్పుడు నీలిరంగు తెర వచ్చి తాళంచెవి నమోదు చేయమని అడుగుతుంది. కంగారుపడి దాటేయకండి. ముందు మీరు పెట్టిన సంకేతపదం అక్కడ ఇవ్వాలి. దాటేస్తే డ్రైవర్ ఎక్కదు.

6. అప్‌డేట్ తర్వాత తెర నల్లబడితే, యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. చాలాసార్లు తెర తిరిగి వస్తుంది.

7. డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్‌కే గ్రాఫిక్స్ ఉంటే, విడి కార్డు తీసేసి మానిటర్ తీగను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టండి. డబ్బు ఖర్చు లేకుండా చిక్కు తీరుతుంది.

మా యంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఆ అబ్బాయి పాత కెర్నెల్‌తో తెరిచాడు. మొదట రిజిస్టర్లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీయించాను. ఒకటి బీరువాలో, ఒకటి మా కోశాధికారి ఇంట్లో ఉంది. తర్వాత మూసిన డ్రైవర్‌ను తీసేసి నూవోతో నడిపాడు. పెద్ద వీడియోలు కాస్త తడబడుతున్నాయి గానీ, పిల్లలు గుణింతాలు టైపు చేయడానికి ఏ లోటూ లేదు. కార్డు చెత్తబుట్టకు పోలేదు.

మీ ఊరి సంఘంలోనూ దానంగా వచ్చిన యంత్రాలు ఉంటే, వచ్చే ఆదివారం ఒక కాగితం మీద వాటి కార్డుల పేర్లు రాసి గోడకు అంటించండి. అప్‌డేట్ నొక్కే ముందు ఆ కాగితం చూసుకోండి.